ఆఖరి కూత రాకముందే

నా చిన్నప్పుడు మా తాతయ్య పేల్చని తుపాకీకి ఆయన్నే దోషిని చేశారు. ఊరు ఆ మాట అంది, ఆయన ఒప్పుకున్నాడు, పేల్చినవాడు పక్కనే నిలబడి విన్నాడు. ఇందులో ఎవరిది పెద్ద తప్పో తేల్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. బడిలో నేను చదివింది తక్కువ. సామాను కట్టి ఇచ్చిన పాత కాగితాలు విప్పి, కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. నా రాతలో మర్యాద తక్కువైతే సర్దుకోండి. కోపం మాత్రం తగ్గించి రాయలేను.

మా అమ్మమ్మ వాళ్ల ఊరు ఆసిఫాబాద్ దాటి అడవి మొదలయ్యే చోట ఉండేది. నేను అక్కడే పెరిగాను. జొన్న గింజ పట్టే వేళకు అడవి పందులు చేలలో దిగేవి. పంట కాపాడుకోవడానికని మా తాతయ్యకు సర్కారు ఒక తుపాకీకి లైసెన్సు ఇచ్చింది. నిజాం మీద పోలీసు చర్య జరిగి అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు. తుపాకీ చప్పుడు వినపడితే ముందు తలుపు వేసుకుని, ఆ తర్వాత ఎవరని అడిగే రోజులవి. అలాంటి రోజుల్లోనూ మా తాతయ్య తుపాకీ పేలితే మా ఊళ్లో ఎవరూ తలుపు వేసుకునేవాళ్లు కాదు. “చెవులపిల్లి పడ్డట్టున్నది” అని మసాలా నూరుకోవడానికి లేచేవాళ్లు. మా వైపు కుందేలును చెవులపిల్లి అంటారు. ఆ నమ్మకమే మా తాతయ్యకున్న ఆస్తి. ఒక్క పొద్దుటి పూటలో పోయింది కూడా అదే.

అది భర్మార్ తుపాకీ. తూటా వేసి మూసే రకం కాదు. గొట్టం మూతిలోంచి మందు పోసి, కొబ్బరి పీచు కుక్కి, సన్న సీసపు గుండ్లు వేసి, గజంతో దట్టించాలి. గజమంటే గొట్టంలోకి దిగే పొడుగాటి ఇనుప కడ్డీ. ఇంత చేసినా అది పేలదు. వెనక భాగంలో ఉన్న చిన్న ముక్కు మీద మిరియపు గింజంత రాగి టోపీ పెట్టాలి. మీట నొక్కితే ఇనుప నాలుక ఆ టోపీ మీద పడుతుంది, నిప్పు లోపలికి పోతుంది, అప్పుడు పేలుతుంది. అందుకే తాతయ్య తుపాకీని గోడ మేకుకు వేలాడదీసినా, టోపీలను మాత్రం సున్నపు డబ్బీలో పెట్టి మొలతాడుకు కట్టుకునేవాడు. స్నానం చేసేటప్పుడు కూడా దాన్ని విప్పగా నేను చూడలేదు.

జొన్నకోతలయ్యాక చేనుగట్ల మీది తుప్పల్లో చెవులపిల్లులు పడుకునేవి. ఊరి మగవాళ్లు కొందరు కర్రలతో తుప్పల్లో దిగి అదిలిస్తే, అవి కోసిన చేనులోకి దూకేవి. తాతయ్య పక్కనున్న మెరక మీద నిలబడి, బయట పడ్డవాటినే కొట్టేవాడు. తుప్పల్లో దిగేవాళ్లకు ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుండేది. ఎవరి చోటికి వాళ్లు చేరుకున్నాక, కర్ర ఎత్తకముందు, ఈ కొస నుంచి ఆ కొసకు వరసగా ఒక్కొక్కరూ కూత వేయాలి. ఎవరి కూత వాళ్లది. ఒకాయన నక్కలా కూసేవాడు, ఒకాయన కౌజుపిట్టలా. మా పక్కింటి మామ ఎద్దును అదిలించినట్టు “హోయ్ రా” అనేవాడు. ఎవరు ఎక్కడున్నారో మెరక మీదికి తెలియడానికి ఆ కూతలు. ఆఖరి కూత చెవిన పడ్డాకే తాతయ్య డబ్బీ మూత తీసి టోపీ పెట్టేవాడు. ఒకసారి ఒకాయన కూత మరిచి బీడీ ముట్టించుకున్నాడు. తాతయ్య ఒక్క మాట అనకుండా తుపాకీ దించుకుని ఇంటికి నడిచాడు. తుప్ప వైపు తుపాకీ మూతి తిప్పడమనేది ఆయనకు తెలియదు. ఆకు కదిలితే అది దేని కదలికో మనకేం తెలుసు అనేవాడు.

ఇక చిన్నాయన. మా చిన్నమ్మ భర్త, ఆ ఇంటి కొత్త అల్లుడు. మంచిర్యాలలో కలప అమ్మే ఇంటి బిడ్డ. నూనె రాసి దువ్విన క్రాపు, చేతికి గడియారం. మొదటి చూపులోనే నాకు ఆయన మీద నమ్మకం కలగలేదు. కారణం అడిగితే అప్పుడు చెప్పలేకపోయేవాణ్ణి. ఆ యేడు జొన్నకోతలయ్యాక అత్తగారింటికి వచ్చి, వచ్చిన నాడే తుపాకీ మీద కన్నేశాడు. ఒక్క దెబ్బ కొడతానన్నాడు. తాతయ్య నవ్వి ఊరుకున్నాడు. మర్నాడు మళ్లీ అడిగాడు. తాతయ్య మళ్లీ నవ్వాడు. అంతే, అల్లుడు అలిగాడు.

మా వైపు కొత్త అల్లుడు అలగడమంటే ఇంటికి జ్వరం వచ్చినట్టే. ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. కోడిని కోసి వండితే ముట్టలేదు. మా చిన్నమ్మ నీళ్ల చెంబు పట్టుకుని వాకిట్లో నిలబడి ఏడ్చింది. అమ్మమ్మ వంటింట్లోంచే మొదలుపెట్టింది.

“గంత పెద్ద పానమా గది? ఒక్క దెబ్బ కొడ్తనంటుండు. ఇయ్యరాదూ?”

“గది ఆటబొమ్మ గాదే” అన్నాడు తాతయ్య.

“పిల్ల బతుకే ఆయన చేతుల పెడితివి. గా కట్టె పెట్టనీకి చేతులు వస్తలేవా?”

పెళ్లికొడుకు అలిగితే వాచీ ఇస్తారు, సైకిల్ ఇస్తారు. తుపాకీ అడిగితే ఏమనాలో పెద్దలెవరూ మాకు చెప్పిపోలేదు. మర్నాడు పొద్దున వేటకు పోతున్నామని తాతయ్య ఊళ్లోకి కబురు పెట్టాడు. అల్లుడు లేచి అన్నం తిన్నాడు.

నన్ను మొదటిసారి తుప్పల్లోకి దిగనిచ్చింది ఆ రోజే. నా కూత కోడిపుంజు కూత. ఈ యేడైనా దిగనిస్తారని వారం ముందునుంచే సాధన చేసి ఇంటిల్లిపాదినీ విసిగించాను. వరసలో నాది చివరికి ముందు కూత. నా తర్వాత పక్కింటి మామ ఒక్కడే. ఇద్దరం పక్కపక్కనే నడిచాం. మధ్యలో ఆయన కాలికి ముల్లు దిగింది. “నువ్వు నడువు బిడ్డా, వస్త” అని కూర్చుని ముల్లు తీసుకుంటున్నాడు. నేను నా చోటికి పోయి నిలబడ్డాను. అటునుంచి నక్క కూసింది, కౌజుపిట్ట కూసింది, ఇంకెవరో కూశారు. నా వంతు వచ్చింది. గొంతు చించుకుని కూశాను. ఇక పక్కింటి మామ కూత రావాలి. రాలేదు. నా వెనక తుప్ప కదలడం మాత్రం వినపడింది, ఆయన లేచి వస్తున్నాడు.

తుపాకీ పేలింది.

పక్కింటి మామ “అవ్వా” అన్నాడు. ఆయన ఎప్పుడూ వేసే కూత కాదది. పరిగెత్తుకుపోయేసరికి పిక్క పట్టుకుని పడి ఉన్నాడు, వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతోంది. నేను నిలబడ్డ చోటుకూ ఆయన పడ్డ చోటుకూ మధ్య నాలుగు తుప్పలైనా లేవు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. తట్టిన రోజు అన్నం సహించలేదు.

అందరం మెరక వైపు కేకలు వేస్తూ పరిగెత్తాం. తుపాకీ తాతయ్య చేతుల్లో ఉంది, మూతిలోంచి ఇంకా పొగ వస్తోంది. ఆయన నిలబడే ఉన్నాడు గానీ మనిషి అక్కడ లేడు. చిన్నాయన కాస్త పక్కన, మేం తెచ్చుకున్న నీళ్ల కుండ వంచుకుని మొహం కడుక్కుంటున్నాడు. అవతల మనిషి నెత్తుటి మడుగులో ఉంటే ఈయన మొహం కడుక్కుంటున్నాడు! భర్మార్ పేల్చినవాడి కుడి చెంప మీద మసి పడుతుంది, టోపీ కంటి దగ్గరే పేలుతుంది కదా. ప్రతి వేటకూ తాతయ్య చెంప నల్లగా అయి ఇంటికి రావడం, అమ్మమ్మ కొంగుతో తుడవబోతే విసుక్కోవడం నాకు తెలుసు. ఆ రోజు తాతయ్య చెంపల మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. చిన్నాయన చొక్కా చేతులు తడిసి ఉన్నాయి. కుడి చెవి పక్కన, నీళ్లు అందని చోట, నల్లటి మరక మిగిలే ఉంది.

“ముసలోనికి కండ్లు పోయినయ్” అని ఎవరో అన్నారు. చిన్నాయన అవునని అనలేదు. కాదనీ అనలేదు.

మామను బండిలో ఆసిఫాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. ఆయన తిరిగొచ్చాక చావడిలో పంచాయితీ పెట్టారు. మా పటేలు పోలీసుల దాకా పోకుండా ఊళ్లోనే తేల్చాలని చూశాడు. “అయింది అయిపోయింది. తప్పెవరిది? గది చెప్పుండ్రి” అన్నాడు.

తాతయ్య లేచి తలపాగా తీసి చేతిలో పట్టుకుని, “నాది” అన్నాడు.

నేను ఆగలేకపోయాను. “మామ కూత రాలే! ఆఖరి కూత రాకుండ తాత టోపీ పెట్టడు!” అని అరిచాను. చావడంతా నావైపు తిరిగింది. చిన్నాయన నవ్వి, “పిల్లగాడు బెదిరిండు, పాపం” అన్నాడు. పటేలు చెడ్డవాడు కాదు. “తుప్పల ఉన్న పోరనికి మెరక మీద ముచ్చట ఎట్ల తెలుస్తదిరా?” అని మామూలుగానే అడిగాడు. నేను చెంప మసి సంగతి చెప్పబోయాను. తాతయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. గట్టిగా కాదు. నా నోరు మాత్రం మూసుకుపోయింది. ఆ చెయ్యి మీద నాకు చాలా కాలం కోపం పోలేదు.

ఆ తర్వాత నాకు అందరి మీదా అనుమానమే. చిన్నమ్మ చిన్నాయన వేటనాటి చొక్కాను చాకలికి వేయకుండా తానే కుంకుడుకాయతో రుద్దుతుంటే పక్కన నిలబడి, “గా మసి ఎక్కడిది చిన్నమ్మా?” అని అడిగాను. “పొయ్యి మసి” అంది, తల ఎత్తకుండా. అల్లుడు పొయ్యి దగ్గరికి ఎప్పుడు పోయాడు! అమ్మమ్మ తుపాకీ మాట ఎత్తితే పప్పు మాడుతోందని లోపలికి పోయేది. పొయ్యి మీద పప్పు లేని రోజు కూడా మాడేది. అందరికీ తెలుసు, అందరూ కూతురి కాపురం కోసం ముసలాయన్ని బలిపెట్టారు అని నేను తీర్మానించుకున్నాను. తాతయ్య కూడా ఆ కుట్రలో కలిశాడనుకున్నాను.

ఊరి పోరగాళ్లు నన్ను వదల్లేదు. నేను వీధిలో పోతుంటే గోడల చాటున నిలబడి నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, “ఓయ్! నేను మనిషినిరోయ్! మీ తాతకు చెప్పు, కొట్టొద్దని!” అని కూసేవాళ్లు. పక్కింటి మామ పిక్కలోంచి గుండ్లు అన్నీ బయటికి రాలేదు. కుంటుతూనే నడిచేవాడు. మబ్బు పడితే అరుగు మీద కూర్చుని పిక్క నొక్కుకుంటూ, “పెద్దబాపూ, వాన వచ్చెటట్టున్నది. నువ్వు నాటిన గింజలు మొలకెత్తుతున్నయ్” అని మా తాతయ్యను ఎగతాళి చేసేవాడు. తాతయ్య ఆయన పక్కనే కూర్చుని, “ఎన్ని ఆకులేసినయిరా?” అని అడిగేవాడు. వాళ్లిద్దరూ నవ్వుకుంటుంటే నేను లేచి లోపలికి పోయేవాణ్ణి.

మిరుగు కార్తెకు, తొలకరి పడగానే, తాతయ్య మా నాగళ్లు ముందు పక్కింటి మామ చేనులోకి తోలాడు. ఆయనది దున్ని, ఆయనది విత్తి, ఆ తర్వాతే మాది. మామ కాలు మళ్లీ దుక్కికి పనికొచ్చేదాకా ప్రతి యేడూ అదే వరస. విత్తనం వేసే వేళకు చిన్నాయన ఒక్కసారైనా రాలేదు. మంచిర్యాలలో మాత్రం, “మా మామకు మనిషికీ చెవులపిల్లికీ తేడా తెలుస్తలేదు” అని పదిమందిలో నవ్విస్తాడని మా దాకా వచ్చింది.

తుపాకీని ఎవరూ అడగకుండానే తాతయ్య తాలూకా కచేరీలో అప్పగించాడు. నన్ను వెంట తీసుకుపోయాడు. మేకు మీది నుంచి దించగానే గజం లోపలికి వదిలాడు. అడుగుదాకా దిగి ఇనుము మీద టంగుమంది. మందు ఉంటే అలా మోగదు, కడ్డీ కూడా పైకి పొడుగ్గా నిలబడుతుంది. దారి పొడుగునా బండిలో కూడా మూతి నేలకు ఉంచే పట్టుకున్నాడు. కచేరీలో గుమాస్తా చెయ్యి చాపితే వెంటనే ఇవ్వలేదు. మళ్లీ గజం దించి మోగించాడు. “జర మీరు గూడ దించి చూడుండి” అన్నాడు. గుమాస్తా విసుగ్గా, “నువ్వు చూసినవ్ గద” అన్నాడు. “నేను చూసింది నాకు. పట్టుకునేది మీరు” అన్నాడు తాతయ్య. గుమాస్తా కూడా దించి చూశాకే తుపాకీ ఇచ్చాడు. చివరికి మొలతాడు నుంచి సున్నపు డబ్బీ విప్పాడు. దాన్ని ఇచ్చేటప్పుడు ఆయన చెయ్యి చాలాసేపు బల్ల మీదే ఉండిపోయింది. తిరుగుదారిలో అడిగాను, “నువ్వు పేల్చలే గద తాతా?” అని. ఎద్దులను అదిలించి, బండి చక్రానికి నూనె తగ్గిందన్నాడు.

ఈ సంగతి ఇన్నేళ్లకు ఎందుకు రాస్తున్నానంటే, నా దగ్గర ఇప్పుడు తుపాకీ లేదు, అడవిలో వేటా లేదు. అయినా మనవడు మోటార్ సైకిల్ తాళం అడిగితే నా చెయ్యి జేబులోనే కాసేపు ఆగిపోతుంది. వాడు అలుగుతాడు, అన్నం మానేస్తాడు, వాళ్ల అమ్మ నన్ను చూస్తుంది. నేను వాణ్ణి వాకిట్లోకి తీసుకుపోయి, బ్రేకు పట్టి చూపించమని అడిగి, నేను కూడా పట్టి చూసి, అప్పుడిస్తాను. పల్లెలో పెరిగిన ముసలోడి చాదస్తమని వాడి స్నేహితులు నవ్వుతారు. నవ్వుకోనీ. ఇచ్చిన చెయ్యి కూడా ఆ బండితోపాటే రోడ్డు మీదికి పోతుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. నాకు చెప్పింది మా తాతయ్య, అది కూడా ఎప్పుడో, నా పెళ్లి నాడు.

అప్పటికి ఆయన మంచం పట్టాడు. నన్ను పసుపు బట్టలతో తెచ్చి ఆయన పక్కన కూర్చోబెట్టారు. వాకిట్లో పందిరి కింద చుట్టాలు చేరారు. చిన్నాయన కూడా ఉన్నాడు, తల నెరిసింది, క్రాపు మాత్రం అదే. తమలపాకులు చుట్టుకుంటూ నన్ను చూసి, “పెండ్లికొడకా, మీ తాత పక్కన కూసున్నవ్, కూత వేసుకుంట ఉండు” అన్నాడు. అంతా నవ్వారు. పక్కింటి మామ నవ్వలేదు. కుంటికాలు చాపుకుని కూర్చుని నేల చూశాడు. ఆ క్షణంలో నాకు తెలిసింది, ఆయనకు కూడా తెలుసని.

నేను ఇక ఓర్చుకోలేకపోయాను. తాతయ్య చెవి దగ్గర వంగి, “గా రోజు మామ కూత రాలే. నువ్వు టోపీ పెట్టలే. నాకు ముందునుంచే తెలుసు. చావడిల అబద్ధం ఎందుకు చెప్పినవ్ తాతా? చిన్నమ్మ కోసమా?” అని అడిగాను.

తాతయ్య కళ్లు తెరిచాడు. ఆ కళ్లు నిజంగానే అప్పటికి ఆనేవి కావు. అయినా మొహం పందిరి వైపు సరిగ్గా తిప్పాడు. గొంతు తగ్గించాల్సిన అవసరమేమీ ఆయనకు కనపడినట్టు లేదు. తమలపాకు చుడుతున్న చెయ్యి అక్కడే ఆగిపోయేంత గట్టిగా అన్నాడు:

“అబద్ధం జెప్పలే బిడ్డా. పేల్చిందెవరని వాండ్లు అడగలే, తప్పెవరిదని అడిగిండ్రు. అలిగిండని టోపీ తీసి చేతుల పెట్టింది నేను. కూతలు వినుకుంట మొహం అటు తిప్పింది నేను. నా వంతు నేను చెప్పిన. అల్లుని వంతు అల్లుడు చెప్తడని గిప్పటిదాంక చూస్తనే ఉన్న.”